వాక్యం చివరి మాట వినపడని పాప: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాసేముందు తల్లిదండ్రులను అడిగి ఒప్పించాను. పాప పేరు మార్చాను. ఊరు, మండలం, బడి వివరాలు వదిలేశాను. కుటుంబాన్ని గుర్తుపట్టించే మరికొన్ని సంగతులు కూడా తీసేశాను. మిగిలినదంతా నా డైరీలో ఉన్నదే. సమ్మిళిత విద్యలో పనిచేసే తోటివారికి, ముఖ్యంగా తండాల దగ్గర, గూడేల దగ్గర ఉన్న బడులకు వెళ్లేవారికి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

నేను తెలంగాణలో సమగ్ర శిక్ష కింద ఒక మండలానికి, ప్రత్యేకావసరాలున్న పిల్లల చదువుకు తోడ్పడే ఐఈఆర్‌పీగా పనిచేస్తున్నాను. 2009లో ఈ పనిలోకి వచ్చాను. వారంలో కొన్ని రోజులు ఆ పిల్లలకు విడిగా నేర్పే భవిత కేంద్రం నడపడం, మిగిలిన రోజులు బడులు తిరగడం, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పడం నా పని. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆ 21 రకాల పిల్లలూ నా దగ్గరికి వస్తారు. నా డిప్లొమా మాత్రం ఒక్కదానిలోనే, అప్పట్లో మానసిక వైకల్యం అని పిలిచిన మేధో వైకల్యంలో. ఈ విషయం ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసులో జరిగిన మొదటి తప్పు అక్కడి నుంచే పుట్టింది.

సోని (అసలు పేరు కాదు) గురించి నాకు 2023 జూలైలో ఫోను వచ్చింది. తండా పక్కన ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు, 65 మంది పిల్లలు. సోనికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. తల్లిదండ్రులు ఏటా దీపావళి దాటాక పనుల కోసం నగరానికి వెళ్లి ఎండలు ముదిరే వేళకు తిరిగి వస్తారు. ఆ నెలల్లో పాప నానమ్మ దగ్గర ఉంటుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు బడిలో వినబడే భాష.

సమస్య

తరగతి ఉపాధ్యాయుడు శ్రద్ధ ఉన్న మనిషి. ఫిర్యాదు చేయాలని కాదు, ఆందోళనతో ఫోను చేశారు. ఆయన చెప్పినవి నేను వరుసగా రాసుకున్నాను. చెప్పిన పని చేయదు. ఒక్కోసారి చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తుంది. ఒక వారం చురుగ్గా ఉంటుంది, మరో వారం ఎటో చూస్తూ కూర్చుంటుంది. బోర్డు మీద ఉన్నది అచ్చు గుద్దినట్టు నోటుబుక్కులోకి ఎక్కిస్తుంది కానీ అందులో ఒక్క మాట చదవలేదు. చదవడం, రాయడం, లెక్కల పునాదిని చూసే తొలిమెట్టు పరీక్షలో అక్షరాల దశ దాటలేదు. తోటి పిల్లలు ఆమెను పిలవడం మానేశారు.

నేను వెళ్లిన రోజు వాన పడుతోంది. వరండాలో కూర్చోబెట్టి 40 నిమిషాలు పరిశీలించాను. మేధో వైకల్యం మీద పనిచేసే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ, బిడ్డకు ఏ పనులు వచ్చో చూడడానికి రూపొందించిన ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు నాకు కొట్టినపిండి. దాని ప్రకారం పేరు, వయసు, రంగులు, డబ్బు, సమయం, రెండు మెట్ల ఆదేశాలు అడుగుతూ పోయాను. మూడు ప్రశ్నల్లో ఒకదానికి జవాబు వచ్చింది. అది కూడా ఒక మాటలో. రంగుల ముక్కలు జత చేయమంటే నేను సైగ చేశాకే మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం రిజిస్టరులో ఇలా రాశాను: మేధో వైకల్యం అనుమానం, సదరం శిబిరానికి పంపాలి. వైకల్య ధ్రువపత్రం కోసం వైద్యులు పరీక్షించే శిబిరం అది.

అప్పుడు నేను ఎలా ఆలోచించానో దాచకుండా చెబుతాను. భాష వెనకబడి ఉంది, ఆదేశాలు అందుకోవడం వెనకబడి ఉంది, చదువు వెనకబడి ఉంది. మూడూ ఒకేసారి వెనకబడితే మేధో వైకల్యాన్ని అనుమానించమని మాకు నేర్పారు. ఆ తర్కం తప్పు కాదు. కానీ ఆ మూడింటినీ నేను కొలిచిన సాధనం ఒక్కటే: నా నోటి నుంచి వచ్చే తెలుగు. ఆ తెలుగు ఆమెకు చేరకపోతే మూడు గళ్లలోనూ సున్నాలే పడతాయి. మూడు వేర్వేరు ఆధారాలు దొరికాయని నేను అనుకున్నాను. అక్కడ ఉన్నది ఒకే ఆధారం, మూడుసార్లు రాసుకున్నాను.

ఇంకొకటి. ఆ రోజు ఆమె కుడి చెవిలో దూది ఉంది. చూశాను. డైరీలో ‘కుడి చెవిలో దూది’ అని రాసుకున్నాను కూడా. అదెందుకు పెట్టారని ఎవరినీ అడగలేదు.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు ఆగిపోయింది

ఆగస్టు నుంచి వారానికి రెండు రోజులు భవిత కేంద్రానికి పంపమన్నాను. అక్కడ ఒక్కో బిడ్డకూ విడిగా సమయం ఇవ్వగలం, బొమ్మలతో, వస్తువులతో నేర్పగలం. బడిలో రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. ఆ హడావిడిలో ఈ పాపకు ఏమీ అందదు, కాబట్టి బయటికి తీసుకురావాలి. నా ఆలోచన ఇదీ.

కేంద్రం తండాకు ఆరు కిలోమీటర్లు. నానమ్మ కూలి మానుకొని ఆటోలో తీసుకొచ్చేది. తోడు వచ్చేవారికి ఇచ్చే భత్యం చేతికి రావడానికి నెలలు పట్టింది. పాప నా దగ్గర కార్డులు జత చేయడం, పూసలు గుచ్చడం, ఆకారాలు వేరు చేయడం రెండు వారాల్లో నేర్చేసుకుంది. అన్నీ తప్పు లేకుండా చేసేది. అంత త్వరగా నేర్చుకున్న పాపకు మేధో వైకల్యం ఎలా ఉంటుందని నేను అప్పుడే ఆగి ఉండాల్సింది. ‘కంటితో నేర్చుకోవడంలో బాగుంది’ అని రాసి తర్వాతి కార్డుల పెట్టె తెరిచాను.

బడిలో మాత్రం ఏమీ మారలేదు. మారకపోవడమే కాదు, కొంత చెడింది కూడా. వారంలో రెండు రోజుల పాఠాలు పోయాయి. పిల్లలు ఆమెను ‘భవిత’ అని పిలవడం మొదలుపెట్టారు. మా కేంద్రం పేరు ఒక బిడ్డను వెక్కిరించే మాటగా మారడం నన్ను చాలా బాధపెట్టింది. అక్టోబరు చివరికి నానమ్మ తీసుకురావడం మానేసింది. నేను తప్పు పట్టలేదు. ఆ కూలి డబ్బు ఆ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు.

కేంద్రంలో నేను నేర్పినవేవీ తరగతి గదిలో ఆమెకు ఎదురయ్యే చిక్కులు కావు. పూసలు గుచ్చలేక ఆమె వెనకబడలేదు కదా.

ఒక్క అక్షరం తేడా

నవంబరులో నా పద్ధతి మార్చుకొని పాపను కాక తరగతిని చూడాలని వెళ్లాను. చివరి బల్ల మీద కూర్చున్నాను. లెక్కల పాఠం. ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి రాస్తూ, ‘ముందు వినండి, ఇప్పుడే నోటుబుక్కులు తీయకండి’ అన్నారు. అందరూ చేతులు కట్టుకున్నారు. సోని సంచి తెరిచి నోటుబుక్కు తీసి, పెన్సిలు చెక్కుకొని, చక్కగా సిద్ధమైంది. పిల్లలు నవ్వారు. ఉపాధ్యాయుడు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఇదే నేను చెప్పేది అన్నట్టు.

ఆ చిన్న సంఘటన నన్ను ఆ రాత్రంతా వదల్లేదు. చెప్పినదానికి వ్యతిరేకంగా చేస్తుందన్న మాట ఫిర్యాదులో ఉంది. మేధో వైకల్యం ఉన్న బిడ్డ ఆదేశం అర్థం కాకపోతే ఊరుకుంటుంది, లేదా పక్కవారిని చూసి చేస్తుంది. ఇంత కచ్చితంగా, ఇంత శ్రద్ధగా తలకిందులు పని చేయదు. ఆమె ఆదేశం విన్నది. ‘నోటుబుక్కులు తీయండి’ అని విన్నది. ‘తీయండి’కీ ‘తీయకండి’కీ మధ్య ఉన్న ఒక్క ‘క’ ఆమెకు చేరలేదు.

తెలుగులో వాక్యం బరువంతా చివరనే ఉంటుంది. క్రియ చివర వస్తుంది. చేయాలా, వద్దా, అయిందా, కాబోతోందా అన్నది ఆ క్రియకూ చివర ఉంటుంది. చెట్టు మీదా, చెట్టు కిందా అన్నది కూడా మాట తర్వాతే. కానీ పాఠం చెప్పే గొంతు వాక్యం మొదట్లో లేచి చివరికి వచ్చేసరికి దిగిపోతుంది. పైన ఫ్యాను, పక్క తరగతి ఎక్కాలు, గుమ్మం బయట వంట చప్పుడు. కొద్దిగా వినికిడి తగ్గిన బిడ్డకు నోటుబుక్కు, చెట్టు, పులి, రొట్టె వినబడతాయి. పులి రొట్టెను ఏం చేసిందో, చేసిందో చేయలేదో వినబడదు. తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లలు మిగిలినది ఊహించుకొని పూడ్చుకుంటారు. సోనికి ఆ ఊహకు తగినంత తెలుగు లేదు. వినికిడి లోటు సగం తీసుకుపోయింది, భాష తేడా మిగిలిన సగం తీసుకుపోయింది. ఏ ఒక్కటి ఉన్నా ఆమె నెగ్గుకొచ్చేదేమో.

మరుసటి రోజు లింగ్ ఆరు ధ్వనుల పరీక్ష చేశాను. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. పరికరం ఏమీ అక్కర్లేదు. నోటికి అడ్డంగా కాగితం పెట్టుకొని పలకాలి, విన్నప్పుడల్లా పిల్ల ఒక గింజ గిన్నెలో వేయాలి. ఒక మీటరు దూరంలో ఆరూ పట్టుకుంది. మూడు మీటర్లకు వెళ్లాక స్ పూర్తిగా పోయింది, ష్ రెండుసార్లలో ఒకసారి, మ్ తడబడింది. బోర్డుకూ ఆమె బల్లకూ మధ్య నాలుగు మీటర్లు.

వంటగది దగ్గర

వినికిడి అనుమానం వచ్చినంత మాత్రాన మేధో వైకల్యం లేదని తేలదు. రెండూ కలిసి ఉన్న పిల్లలు నా దగ్గర ఉన్నారు. అందుకే ఆమె బుద్ధిని ఆమె భాషలో, దగ్గరగా కూర్చొని చూడాలనుకున్నాను. నాకు లంబాడీ రాదు. మధ్యాహ్న భోజనం వండే అక్క తండా మనిషే. సోనితో రోజూ మాట్లాడేది ఆమే అని అప్పటికి గమనించాను. సాయం చేయమంటే, ‘ఈ పిల్లకేం మేడమ్, నాకు సగం పని ఇదే చేసిపెడుతుంది’ అంది.

వంటగది చూరు కింద ముగ్గురం కూర్చున్నాం. బాటి, అంటే రొట్టె, ఎలా చేస్తారో చెప్పమని అక్కతో అడిగించాను. సోని చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. జొన్నపిండి జల్లించడం, పాణి (నీళ్లు) కాచడం, వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిసకడం, పెనం వేడెక్కిందో లేదో నీటి చుక్క వేసి చూడడం, తట్టిన వైపు పైకి వచ్చేలా వేయడం, పైన తడి చేయి రాయడం. అక్క తెలుగులో చెబుతుంటే నేను రాసుకున్నాను. పదకొండు మెట్లు వచ్చాయి, ఒక్కటీ ముందు వెనకలు కాలేదు. ‘యాడి (అమ్మ) చేస్తే పలుచగా వస్తుంది, నానమ్మ చేస్తే మందంగా’ అని కూడా చెప్పింది. పోల్చి చెప్పమని నేను అడగలేదు.

తర్వాత భోజనం వేళయింది. ఆ రోజు హాజరు 58. సోని కడిగిన పళ్లేలను పదేసి చొప్పున దొంతులు పెట్టింది. ఐదు దొంతులు, ఆరు విడిగా. అక్క వైపు తిరిగి రెండు వేళ్లు చూపించింది. రెండు తక్కువ. మూడో తరగతి లెక్కల పుస్తకంలో స్థానవిలువల పాఠంలో ఆమెకు సున్నా వచ్చిందని ఉపాధ్యాయుడు నాకు చూపించిన కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం నేను రిజిస్టరులో జూలై నాటి వాక్యం కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

చెవి పరీక్ష, ధ్రువపత్రం, తండ్రి ప్రశ్న

దూది కథ నానమ్మ చెప్పింది. మూడేళ్ల వయసు నుంచి చెవులు కారుతున్నాయి. వానాకాలం ఎక్కువ, ఎండాకాలం తగ్గుతుంది. వెచ్చని నూనె పోసేవారు. చీము వాసన రాకుండా బడికి వెళ్లేటప్పుడు దూది పెట్టేవారు. ఒక వారం చురుగ్గా ఉండి మరో వారం ఎటో చూస్తుందన్న ఫిర్యాదుకు జవాబు అందులోనే ఉంది. నేను పరీక్షించింది జూలైలో, ఆమె చెవులు అన్నిటికంటే తక్కువ పనిచేసే నెలలో.

ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల) బృందం ద్వారా జిల్లా ఆసుపత్రికి పంపాం. రెండు కర్ణభేరులకూ రంధ్రాలు. వినికిడి లోటు కుడి చెవిలో 50 డెసిబెల్స్, ఎడమలో 42. మామూలు సంభాషణ స్థాయి 50 నుంచి 60 మధ్య ఉంటుంది. అంటే పక్కన కూర్చొని మాట్లాడితే అందుతుంది, నాలుగు మీటర్ల అవతల బోర్డు వైపు తిరిగి మాట్లాడితే అందదు.

ఇక్కడ చట్టంలోని ఒక గీత అడ్డం వచ్చింది. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోటు ఉంటే వినికిడి తగ్గినవారు, 70 ఉంటే బధిరులు. సోని ఆ గీతకు ఇవతల ఉంది. ఉచిత వినికిడి యంత్రాలు ఇచ్చే శిబిరంలో 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం అడుగుతారు. అది ఆమెకు రాదు. కారే చెవికి యంత్రం ఇప్పుడు పనికిరాదని వైద్యుడు కూడా అన్నారు. కాగితం మీద ఆమెకు వైకల్యం లేదు. తరగతిలో రోజుకు ఆరు గంటలు ఉంది.

తండ్రి అప్పుడే ఊరికి వచ్చాడు. నేను జూలైలో రాసిన సదరం మాట ఇంట్లో అందరికీ తెలుసు. అతను నెమ్మదిగానే అడిగాడు. ‘మేడమ్, మీరే కదా బుద్ధి తక్కువని రాసింది. ఆ కాగితం వస్తే నెలకు 4,016 పింఛను వస్తుంది. మా పక్కింటి పిల్లాడికి వస్తోంది. మేము వలస పోకుండా ఉండొచ్చు.’

ఈ కేసు మొత్తంలో నాకు కష్టమైన నిర్ణయం అదే. ఏడాదికి 48,192 రూపాయలు. వలస ఆగితే పాప బడి ఆగదు, చెవికి మందు ఆగదు. ధ్రువపత్రం ఇచ్చేది వైద్య మండలి, నేను కాదు. కానీ శిబిరంలో కొద్ది నిమిషాల్లో, తెలుగులో, హోరుమనే హాలులో పరీక్ష జరిగితే ఫలితం ఏమొస్తుందో నాకు తెలుసు. నేను అదే పరీక్ష అంత హోరు లేని వరండాలో చేసి అదే తప్పు చేశాను. పంపితే వచ్చే అవకాశం బాగానే ఉంది. పంపకపోతే ఆ కుటుంబం చేతికి అందబోయే డబ్బును నేను ఆపినట్టు.

పంపకూడదని నిర్ణయించుకున్నాను. అబద్ధం రాయలేనన్నది ఒక కారణం, అది సులభమైన కారణం. అసలు కారణం వేరు. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి ఆమె చదవకపోవడానికి అందరికీ ఒక వివరణ దొరుకుతుంది. ఎవరూ ఆమె చెవిని చూడరు, బోర్డు వైపు నుంచి ఇటు తిరిగి మాట్లాడరు, ఐదో తరగతి దాటాక ఆమె ఎక్కడికి వెళ్తుందో పట్టించుకోరు. ఇవన్నీ తండ్రికి చెప్పాను. వంటగది దగ్గర రాసుకున్న పదకొండు మెట్లూ చదివి వినిపించాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. ‘చదువు వస్తుందంటారా?’ అని మాత్రం అడిగాడు. వస్తుందన్నాను. ఎంత కాలంలో అన్నది చెప్పలేకపోయాను.

డబ్బు విషయంలో అతనికి నేను ఏ ప్రత్యామ్నాయమూ ఇవ్వలేకపోయాను. అది అలాగే ఉండిపోయింది.

తరగతిలో మార్పు, మొదట తప్పిన చోటు

జనవరిలో ముందు బల్లకు మార్పించాను. నెల రోజుల్లో తేడా రాలేదు. నాకు ఆశ్చర్యమేసి మళ్లీ వెళ్లి కూర్చొని చూశాను. ఆమెను ఎడమ గోడ పక్కన, ముందు బల్ల చివర కూర్చోబెట్టారు. ఎడమది ఆమె మంచి చెవి. అది గోడను వింటోంది. పాడైన చెవి తరగతి వైపు ఉంది. పైగా ఆ గోడకే వంటగది వైపు కిటికీ. ముందు బల్ల అని చెప్పాను కానీ ఏ పక్కనో చెప్పలేదు. ఆ లోపం నాది. కుడి వైపుకు, రెండో బల్లకు మార్చాం. రెండో బల్ల ఎందుకంటే ముందు ఉన్న పిల్లలు ఏం చేస్తున్నారో చూసి ఆదేశాన్ని సరిచూసుకోవచ్చు. మొదటి బల్లలో ఆ ఆసరా ఉండదు.

ఉపాధ్యాయుడికి గొంతు దిగిపోవడం గురించి చెప్పడం నాకు ఇబ్బందిగా అనిపించింది. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి మాట్లాడడం ఎలాగో నేను చెప్పాలా? అందుకే ఆయన అనుమతితో సోని పాత చోటు దగ్గర నా ఫోను పెట్టి పది నిమిషాలు రికార్డు చేశాను. మధ్యాహ్నం ఇద్దరం విన్నాం. ‘రాము సంతకు...’ ఫ్యాను చప్పుడు. ‘అప్పుడు వాళ్ల అమ్మ...’ పక్క తరగతి. ఆయన ఫోను చెవికి దగ్గరగా పెట్టుకొని రెండుసార్లు విన్నారు. ‘వాక్యాలు పూర్తి కావడమే లేదే’ అన్నారు. ఆ తర్వాత నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఏం చేయాలో ఆయనే వెతికారు.

ఆయన చేసినవి చిన్నవి. రాస్తున్నప్పుడు మాట్లాడరు, మాట్లాడుతున్నప్పుడు రాయరు. ఆదేశం ఇచ్చాక క్రియను మాత్రం బోర్డు కుడి మూలలో రాస్తారు: తీయండి, వినండి, కలపండి, తీసివేయండి. వద్దు అని చెప్పాల్సినప్పుడు ‘తీయకండి’ బదులు ‘ఇప్పుడు వద్దు’ అని విడి మాటగా చెబుతారు. కథ చెప్పేటప్పుడు చివరి మాటను పిల్లలందరి చేత పలికిస్తారు. ఇది సోని కోసం మొదలైంది కానీ, ఆ గదిలో తెలుగు ఇంటి భాష కాని పిల్లలు సగానికి పైగా ఉన్నారు. వాళ్లందరూ క్రియను పట్టుకోవడం మొదలుపెట్టారు. సోనికి ఒక్కదానికే ఏదో చేస్తున్నారన్న ముద్ర కూడా పడలేదు. భవిత కేంద్రం విషయంలో తగిలిన దెబ్బ తర్వాత ఇది నాకు చాలా ముఖ్యం.

చెవి సంగతి ఆశా కార్యకర్త, నానమ్మ చూసుకున్నారు. నూనె ఆపడం, దూది వత్తితో చీము తుడిచాకే మందు చుక్కలు వేయడం, స్నానం చేసేటప్పుడు వ్యాజిలీన్ రాసిన దూది పెట్టడం, చెరువులో మునగకుండా చూడడం. చెవిలో ఏమీ పోయవద్దని మాటలతో చెబితే నానమ్మ ఒప్పుకోలేదు. ఎప్పటి నుంచో ఉన్న వైద్యం అది. ఆసుపత్రిలో కర్ణభేరి ఫొటో చూపించి, ఈ రంధ్రంలోంచి నూనె లోపలికి పోతుందని వైద్యుడు చెప్పాకే మానేసింది.

చదవడానికి లంబాడీ నుంచే దారి వేశాం. ఆ భాషకు సొంత లిపి లేదు, తెలుగు లిపిలో రాయవచ్చు. యాడి, పాణి, బాటి, ఘర్ (ఇల్లు). వంట అక్క చెప్పిన మాటలు నేను కార్డుల మీద తెలుగు అక్షరాల్లో రాశాను. తనకు తెలిసిన మాటను అక్షరాల్లో చూడడం ఆమెకు అదే మొదటిసారి. ‘పాణి’ని అక్షరం అక్షరం కూడబలుక్కొని, అది నీళ్లని తెలిసి, కార్డు తీసుకెళ్లి అక్కకు చూపించింది. అప్పటిదాకా రాత ఆమెకు గీసే పని. ఆ రోజు నుంచి అందులో మాట ఉంటుందని తెలిసింది. పాణి పక్కన నీళ్లు, బాటి పక్కన రొట్టె. ఏప్రిల్ నాటికి 60 కార్డులు అయ్యాయి. వాటిని తరగతి గోడకు కట్టాం. తెలుగు పిల్లలు లంబాడీ మాటలు సోనిని అడిగి నేర్చుకునేవారు.

బదిలీ, వలస

2024 జూన్ బదిలీల్లో ఆ ఉపాధ్యాయుడు వెళ్లిపోయారు. ఆయనతో పాటే ఆ పద్ధతులూ వెళ్లిపోయాయి. నేను కొత్త ఉపాధ్యాయురాలికి అన్నీ చెప్పేసరికి ఆగస్టు వచ్చింది. ఈలోగా సోని మళ్లీ ఎడమ గోడ పక్కకు చేరింది. మార్పునంతా ఒక మనిషి మంచితనం మీద నిలబెట్టామని అప్పుడు తెలిసింది.

అందుకే ఒక కాగితం తయారుచేశాం. సోని మాటల్లో, సోని చేతిరాతతో, ఐదు వాక్యాలు. నా ఎడమ చెవి బాగా వినపడుతుంది. నన్ను కుడి పక్క కూర్చోబెట్టండి. నా వైపు చూసి చెప్పండి. ఏం చేయాలో బోర్డు మీద రాయండి. నాకు లంబాడీ బాగా వచ్చు. చివరి వాక్యం నేను చెప్పలేదు, తనే చేర్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నోటుబుక్కు అట్టకు అంటించాం.

నవంబరులో నానమ్మకు జబ్బు చేయడంతో తల్లిదండ్రులు పాపను వెంట తీసుకెళ్లారు. మూడు నెలలు. అక్కడ ఏ బడిలోనూ చేర్చలేదు. నేను ఫోను చేస్తూనే ఉన్నాను, పనిచోటు రెండుసార్లు మారింది. మందు చుక్కలు ఆగిపోయాయి. ఇందులో ఏదీ నేను ఆపలేకపోయాను.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ బిడ్డ విషయంలోనైనా ‘మేధో వైకల్యం అనుమానం’ అని రాసేముందు నాలుగు పనులు చేస్తాను. కాగితం అడ్డం పెట్టి ఆరు ధ్వనుల పరీక్ష, అది కూడా బోర్డు దూరంలో. ఇంటి భాషలో, ఆ భాష వచ్చిన మనిషి సాయంతో, బిడ్డకు బాగా తెలిసిన పని గురించి మాట్లాడించడం. ఒక పూట చివరి బల్ల మీద కూర్చొని తరగతిని చూడడం. నెల రోజుల తర్వాత, వేరే రుతువు అయితే ఇంకా మంచిది, మళ్లీ పరీక్షించడం. దీనివల్ల నా జాబితా ఆలస్యమవుతుంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేకావసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న ప్రమాణం 2022లో వచ్చింది. మా మండలంలో ఇద్దరం కలిసి ఎన్నో రెట్లు ఎక్కువ మందిని చూస్తున్నాం. అయినా ఆ నెల ఆగుతాను. ఈ పద్ధతి మొదలుపెట్టాక పాత రిజిస్టర్లు తిరగేసి, తండాల నుంచి వచ్చిన పిల్లల్లో ఆరుగురిని మళ్లీ పిలిచాను. ఇద్దరికి చెవి కారుతోంది. వాళ్ల పేర్ల పక్కన నా చేతిరాతతో సోని పేరు పక్కన రాసిన వాక్యమే ఉంది.

భవిత కేంద్రాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఫిజియోథెరపీ అవసరమైన పిల్లలకు, సైగల భాష, బ్రెయిలీ నేర్చుకునే పిల్లలకు అది ప్రాణం. కానీ ఒక బిడ్డను అక్కడికి పిలిచేముందు, తరగతిలో ఆమెకు అడ్డుపడుతున్నది ఇక్కడ తీరేదేనా అని కాగితం మీద రాసుకుంటాను. రాయలేకపోతే పిలవను.

ప్రస్తుత స్థితి

2025 ఫిబ్రవరిలో, లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి తండా అంతా తిరిగి వచ్చినప్పుడు సోని కూడా వచ్చింది. కుడి చెవి పొడిగా ఉంది, లోటు 50 నుంచి 38కి తగ్గింది. ఎడమది మళ్లీ కారుతోంది. అంటే ఇప్పుడు కుడిదే మంచి చెవి. నాలుగో తరగతి చివరికి రెండో తరగతి వాచకం చదువుతోంది. ఒత్తులున్న మాటల దగ్గర ఆగుతుంది, కూడికలు తీసివేతల్లో తరగతితో సమానంగా ఉంది. రెండు చెవులూ మూడు నెలలు పొడిగా ఉంటే కర్ణభేరి ఆపరేషన్ గురించి ఆలోచిద్దామని వైద్యుడు చెప్పారు.

మార్చిలో నేను బడికి వెళ్లేసరికి ఆమె ఎడమ వైపు బల్ల మీద ఉంది. మళ్లీ మార్చేశారేమోనని టీచరును అడిగాను. తనే మారిందని చెప్పారు. నోటుబుక్కు అట్ట చూశాను. ప్లాస్టిక్ కవరు విప్పి, ‘ఎడమ’ను కొట్టేసి ‘కుడి’ అని, ‘కుడి’ని కొట్టేసి ‘ఎడమ’ అని దిద్ది ఉంది.